నోరు తెరిస్తే మాట రాదు

ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా రోగి చేతిలో ఉండే ఆయుధం ఒక్కటే, నోరు. కాలు నొప్పి అయినా కడుపు నొప్పి అయినా, డాక్టరు నొక్కి చూస్తుంటే "అక్కడ కాదండీ, కొంచెం కిందకి" అని చెప్పుకోగలం. పంటి డాక్టరు దగ్గర మాత్రం ఆ నోరే ఆయన పనిచేసే చోటు. కుర్చీ వెనక్కి వాలి, నోట్లోకి ఒక అద్దం, ఒక గొట్టం, నాలుగు దూది ఉండలు, రెండు చేతుల వేళ్ళు చేరాక మనకి మిగిలేవి రెండో మూడో అచ్చులు. సరిగ్గా అప్పుడే ఆయన "ఏం ఉద్యోగం? పిల్లలెంతమంది?" అని అడుగుతాడు. ఈ హాస్యం అన్ని దేశాల వాళ్ళకీ తెలిసిందే కాని, దీని వెనకాల ఉన్న ఇబ్బంది హాస్యం కాదు. చెప్పాల్సినవి నోరు తెరవకముందే చెప్పుకోవాలి, వినాల్సినవి మత్తు ఇవ్వకముందే వినాలి. ఆ కాస్త వ్యవధిలో ఇద్దరి మధ్యా మాట కుదరకపోతే నష్టం ఒక పన్నుతో ఆగకపోవచ్చు.

నేను పంటి డాక్టర్ని కాను. ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ప్రస్తుతం ఉంటున్నది ఒమాన్‌లో బహ్లా అనే ఊళ్ళో. చేస్తున్న పని, చిన్న చిన్న ప్రైవేటు క్లినిక్కులకి అపాయింట్‌మెంట్లూ, రికార్డులూ చూసుకునే ప్రోగ్రాములు. ఆ పని మీద క్లినిక్కుల్లో గంటల తరబడి కూర్చుంటాను. అక్కడికి తెలుగువాళ్ళెవరైనా వస్తే రిసెప్షన్‌లో అమ్మాయి నా వైపు చూస్తుంది. అలా జీతంలేని దుబాసీగా కొన్నేళ్ళుగా చూసినదీ, ఆ డాక్టర్లని విసిగించి తెలుసుకున్నదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

బహ్లా గురించి నాలుగు మాటలు. మస్కట్‌కి సుమారు 200 కిలోమీటర్లు, నిజ్వాకి 40 కిలోమీటర్ల దూరంలో, జబల్ అఖ్దర్ పాదాల దగ్గర ఖర్జూరపు తోటల మధ్య ఉన్న పాత ఊరు. ఇక్కడి మట్టికోటని యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి సంవత్సరమే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకీ ఎక్కించి, 2004లో అందులోంచి తీసేసింది. ఊరి చుట్టూ దాదాపు 12 కిలోమీటర్ల మట్టిగోడ. కుండలకి పేరు, జిన్నుల కథలకి అంతకన్నా పేరు. ఇవి టూరిస్టు పుస్తకాల్లో దొరికే సంగతులు. పుస్తకాల్లో లేనిది ఇక్కడి క్లినిక్కుల్లో వినపడే భాషల సంత. డాక్టరు మలయాళీ కావచ్చు, ఈజిప్షియన్ కావచ్చు. నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి. బెంచీ మీద ఒమానీ ముసలాయన, పక్కన బంగ్లాదేశీ దర్జీ, వాళ్ళ పక్కన మన జగిత్యాల తాపీమేస్త్రీ. అందరినీ కలిపేది విరిగిన హిందీ, విరిగిన అరబ్బీ. "దర్ద్ హై?" "బహుత్ దర్ద్." అంతటితో సంభాషణ ముగిసి చికిత్స మొదలవుతుంది.

చిక్కంతా ఆ "బహుత్ దర్ద్" దగ్గరే ఉంది. నొప్పి ఎంత అన్నది పంటి డాక్టరుకి పెద్దగా పనికిరాదు, ఎలాంటి నొప్పి అన్నదే కావాలి. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. అందులో అంకెల కన్నా మాటలు ముఖ్యం. కొట్టుకున్నట్టు, గుచ్చినట్టు, కాలినట్టు, మెలిపెట్టినట్టు, ఇలా డజన్ల కొద్దీ విశేషణాలు గుంపులు గుంపులుగా పేర్చాడు. రోగి ఎంచుకున్న మాటని బట్టి నొప్పి ఎక్కడ పుడుతోందో ఊహించవచ్చునని ఆలోచన. నేను పనిచేసే ఒక క్లినిక్‌లో గోడకి సున్నా నుంచి పది దాకా అంకెల పట్టీ ఉండేది. అందరూ పదినే చూపించేవాళ్ళు. జీతం కోసుకుపోతుందని తెలిసీ సెలవు పెట్టి వచ్చినవాడు ఆరు అని ఎందుకంటాడు?

మెల్జాక్‌కి మన భాష తెలిసి ఉంటే ఆయన పని సులువయ్యేదని నాకొక వెర్రి నమ్మకం. పంటి బాధకి తెలుగులో ఉన్నన్ని మాటలు నాకు తెలిసిన ఇంకే భాషలోనూ లేవు. పైగా ఒక్కో మాట ఒక్కో రోగ లక్షణానికి దాదాపు అతికినట్టు సరిపోతుంది.

పచ్చి మామిడికాయ తిన్నాక పళ్ళు "పులుస్తాయి". ఐసు నీళ్ళు తాగితే "జివ్వుమంటాయి". చల్లదనం తీసెయ్యగానే క్షణాల్లో తగ్గిపోతే అది పంటి పైపెంకు అరిగి లోపలి పొర బయటపడ్డ గుర్తు. ఆ లోపలి పొర నిండా కంటికి కనపడనంత సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చలికీ పులుపుకీ ఆ ద్రవం కదిలి నరాన్ని తడుతుంది. దీన్ని 1960లలో స్వీడన్‌కి చెందిన బ్రానస్ట్రామ్ వివరించాడు. ఈ దశలో పన్ను బతికే ఉంది, చిన్న పనితో నిలబడుతుంది.

"సలుపు" వేరు. "పోటు" వేరు. నాడి కొట్టుకున్నట్టు, తెరలు తెరలుగా వస్తే పోటు. పడుకుంటే ఎక్కువవుతుంది. రాత్రి రెండింటికి మనిషిని లేపి కూర్చోబెడుతుంది. పంటి మధ్యలో ఉన్న మెత్తటి గుజ్జు వాచింది, చుట్టూ గట్టి గోడలు, వాపుకి వెళ్ళడానికి చోటు లేదు. పడుకుంటే తలకి రక్తపు ఒత్తిడి పెరుగుతుంది కనక బాధా పెరుగుతుంది. చన్నీళ్ళు తాగి అరగంటైనా నొప్పి నిలిచి ఉందంటే గుజ్జు తిరిగి కోలుకునే దశ దాటినట్టే. ఇంకాస్త ముదిరితే తమాషాగా తిరగబడుతుంది. వేడి టీ తగిలితే ప్రాణం పోతుంది, చల్లనీళ్ళు పోసుకుంటే హాయి. మంచినీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, నిమిషానికోసారి పుక్కిట పడుతూ వచ్చే రోగిని చూడగానే ఏం జరిగిందో తెలిసిపోతుందని ఒక డాక్టరు గారు నాతో అన్నారు. ఆ సీసా కూడా ఒక భాషే.

"కొరికితే కలుక్కుమంటోంది" అంటే వేరు చివర చీము కావచ్చు. కొరికినప్పుడు కాక, కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే పన్ను బీటవారి ఉండవచ్చు. ఈ తేడాని రోగి తనంత తానుగా చెప్పడు, అడగాలి. పైదవడ బరువుగా లాగుతూ, వంగినప్పుడు ఎక్కువవుతుంటే అది అసలు పంటిది కాకపోవచ్చు, ముక్కు పక్కన ఉండే గాలిగదిలో వాపు కావచ్చు. ఒకసారి ఒమానీ పెద్దాయన ఒకరు నమాజులో సజ్దా చేసినప్పుడే పై పళ్ళన్నీ లాగుతున్నాయని చెప్పారు. డాక్టరు వెంటనే పళ్ళ వెదుకులాట తగ్గించి ముక్కు సంగతి అడగడం మొదలెట్టారు. ఇక మెట్లెక్కినప్పుడు కింది దవడ పట్టేసి, ఆగితే తగ్గిపోయేవాళ్ళు పంటి డాక్టరు దగ్గర కూర్చుని కాలయాపన చెయ్యకూడదు. అది గుండెనొప్పి అయ్యే అవకాశం ఉంది.

అన్నిటికన్నా మోసకారిది, ఉన్నట్టుండి మాయమైన నొప్పి. వారం రోజులు ఏడిపించిన పన్ను ఒక ఉదయం నిశ్శబ్దమైపోతుంది. "దానంతటదే తగ్గిపోయిందండీ" అని సంతోషంగా చెబుతారు. తగ్గలేదు, గుజ్జు చచ్చిపోయింది. చచ్చిన గుజ్జులో సూక్ష్మజీవులు నిదానంగా వేరు చివరికి ప్రయాణం చేస్తాయి.

ఆ జగిత్యాల తాపీమేస్త్రీ కథ ఇదే. బహ్లాలో కాదు, వేరే ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు ఒక క్లినిక్‌లో కింది దవడ పంటికి రూట్ కెనాల్ మొదటి విడత చేయించుకున్నాడు. నొప్పి పోయింది. మళ్ళీ రమ్మని ఇంగ్లీషులో మెసేజి వచ్చింది. నొప్పే లేనప్పుడు మళ్ళీ డబ్బెందుకని వెళ్ళలేదు. అతని లెక్కలో తప్పేమీ లేదు, ఎందుకు రావాలో ఎవరూ చెప్పలేదు కనక. నాలుగు నెలలకి గవద కింద వాపు. మందుల షాపులో ఏవో గోళీలు కొనుక్కుని మింగాడు. రెండో రోజుకి నాలుక పైకి లేచి, ఉమ్మి మింగలేక, మాట ముద్దగా వస్తోంది. గదిలో వాళ్ళు నాకు ఫోను చేసి "సార్, పల్లు నొస్తుందంటున్నడు, రేపు తీసుకరావాల్నా?" అని అడిగారు. ఉమ్మి మింగలేకపోతున్నాడన్న మాట విన్నాక రేపటిదాకా ఆగే పని కాదని, అప్పటికప్పుడు నిజ్వాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గవద కింద, నాలుక కింద ఒకేసారి పాకే ఆ వాపుని 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించాడు. ఊపిరి గొట్టం మూసుకుపోయి మనిషి చచ్చిపోగలడు. మనవాడు బతికాడు. మెడ కింద రెండంగుళాల మచ్చ మిగిలింది. "నొప్పి పోయినా రావాలి, లోపల కుళ్ళు ఇంకా ఉంది" అన్న ఒక్క వాక్యం హిందీలో చెప్పి ఉంటే సరిపోయేది. అది చెప్పడానికి పదిహేను సెకన్లు పట్టదు.

ఇక్కడ మాటల ఎంపిక గురించి కొంచెం చెప్పాలి. మనవాళ్ళు రూట్ కెనాల్‌ని "నరం తీయించుకోవడం" అంటారు. వినగానే గుండె జారిపోతుంది. నరం తీస్తే మూతి వంకర పోతుందేమో, చూపు తగ్గుతుందేమో అని భయం. పైపన్ను పీకితే కన్ను పోతుందన్న మాట మన ఊళ్ళల్లో వినని వాళ్ళుండరు. నిజానికి కంటి చూపు నరం వేరు, పంటి నరం వేరు. తీసేది పంటి లోపలి గుజ్జు మాత్రమే. తమాషా ఏమిటంటే అరబ్బీ వాడుకలోనూ ఈ చికిత్సని "సహబ్ అసబ్" అంటారు, అంటే నరం లాగడం అనే. భయమూ అదే. ఇక్కడ ఒక డాక్టరుకి మంచి ఉపాయం తట్టింది. ఒమాన్ పల్లెల్లో నేల కింద, నేల మీద పారే పాతకాలపు నీటి కాలువలని ఫలజ్ అంటారు. వాటిలో అయిదింటిని యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఫలజ్‌లో పూడిక చేరితే తీస్తారు, గోడలు శుభ్రం చేస్తారు, సగంలో వదిలేస్తే నీళ్ళు కుళ్ళుతాయి. "మీ పంటి వేరులో ఉన్న ఫలజ్‌లో పూడిక తీస్తున్నాను" అంటే తోట ఉన్న రైతుకి ఇంకేం చెప్పక్కర్లేదు, రెండో విడతకి ఎందుకు రావాలో కూడా. మన రైతుకైతే పంటకాలువ అనుకోండి. ఇలాంటి పోలికలు పాఠ్యపుస్తకాల్లో దొరకవు, ఊరి మీద దృష్టి ఉన్న డాక్టరుకే దొరుకుతాయి.

భాషలు ఎంత దూరమైనా పంటి దగ్గర చుట్టాలైపోతాయి. మనం పుచ్చు వంకాయ అంటాం, పుచ్చు పన్ను అంటాం. అరబ్బీలో పన్ను పుచ్చడాన్ని "తసవ్వుస్" అంటారు, దాని మూలం "సూస్", ధాన్యానికి పట్టే పురుగు. హిందీలో సరేసరి, పంటికి "కీడా" పడుతుంది. పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం వేల ఏళ్ళది. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాలుస్తామనే వాళ్ళు మన సంతల్లో ఉండేవారు. ఫ్రాన్స్‌లో పియెర్ ఫోషార్ 1728లో రాసిన పెద్ద గ్రంథంలో తాను ఎంత వెదికినా పురుగు కనపడలేదని ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. డాక్టరు "కీడా లగా హై" అంటే రోగి నిజంగా పురుగు ఉందనే అనుకుంటాడు, తీసి చూపించమంటాడు. చూపించకపోతే చెయ్యలేదనుకుంటాడు. తీపి తిన్న నోట్లో సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తాయి, ఆ పులుపు పంటిని కరిగిస్తుంది అని చెప్పడం ఏమంత కష్టం కాదు. పాలు తోడుకుని పెరుగు పులవడం తెలిసిన జాతికి మరీ సులువు.

తెలుగువాళ్ళ పళ్ళ విషయంలో ఇంకో అపార్థం ఉంది. నల్లగొండ, కనిగిరి, దర్శి ప్రాంతాల నుంచి వచ్చిన వాళ్ళలో కొందరికి పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. బయటి డాక్టరు చూడగానే సిగరెట్టో, గుట్కానో, బ్రష్ చెయ్యకపోవడమో అనుకుంటాడు. ఆ మాట పైకి అనేస్తాడు కూడా. ఎదటి మనిషి అవమానంతో ముడుచుకుపోతాడు, ఇక నోరు విప్పడు. అది ఫ్లోరైడు మచ్చ. చిన్నప్పుడు, దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు దవడలో తయారవుతున్నప్పుడే తాగిన నీళ్ళవల్ల పడుతుంది. ఎంత తోమినా పోదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ మీద మొదటి నివేదిక 1937లో వచ్చింది, అదీ నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచే. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. "మీది ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు?" అని అడిగితే సగం రోగ నిర్ధారణ అయిపోతుంది. అడగడం వల్ల ఇంకో లాభం, ఆ మనిషి తన ఊరి గురించి మాట్లాడడం మొదలెడతాడు.

రోగి దాచేవి కొన్ని. పొగాకు వాటిలో మొదటిది. ఇక్కడ "అఫ్జల్" అని నోట్లో పెట్టుకునే పొగాకు ఒకటుంది, అమ్మకం చట్టవిరుద్ధం. మనవాళ్ళకి గుట్కా, ఖైనీ. "తింటావా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఎందుకనరు, పరాయి దేశంలో ఉద్యోగం. నోట్లో తెల్లమచ్చ కనపడ్డాక డాక్టరుకి నిజం కావాలి, అది కాన్సర్‌కి ముందు మెట్టు కావచ్చు కనక. అనుభవమున్న ఒకావిడ ప్రశ్న మార్చేశారు. "ఏ బుగ్గన పెట్టుకుంటావు?" అని అడుగుతారు. జవాబు ఠక్కున వస్తుంది.

దాచాలని కాదు కాని చెప్పనివి ఇంకా ఎక్కువ. రక్తం పలచబడే గోళీ వేసుకుంటున్నామని పంటి డాక్టరుకి చెప్పాలని తోచదు. ఇంకొందరు ఎవరో చెప్పారని పన్ను తీయించుకునే ముందు సొంతంగా మానేసి వస్తారు, అది ఇంకా ప్రమాదం. అమెరికాలో, ఇండియాలో ఉన్న మన అమ్మల్లో చాలామంది ఎముకలు గుల్లబారకుండా వారానికో గోళీ, లేదా ఏడాదికో ఇంజెక్షను తీసుకుంటారు. ఆ రకం మందులు వాడేవాళ్ళలో పన్ను తీశాక దవడ ఎముక మానకుండా పోవడాన్ని 2003 నుంచి వైద్యులు నమోదు చేస్తున్నారు. అరుదే, కాని ముందే తెలియాలి. ఏడాదికోసారి చేసే ఇంజెక్షన్ని "మందు" అని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అందుకని "మందులేమైనా వాడుతున్నారా?" అన్న ప్రశ్న పనికిరాదు. సంచీ తెచ్చి బల్లమీద పొయ్యమనాలి.

రంజాన్ నెలలో మరో చిక్కు. పగలు మత్తు ఇంజెక్షను చేయించుకుంటే ఉపవాసం చెడుతుందేమోనని చీము పట్టిన పంటితో నెల గడిపేవాళ్ళున్నారు. 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, గొంతులోకి ఏమీ దిగకుండా జాగ్రత్తపడితే పన్ను తీయించుకోవడం వంటివాటితో ఉపవాసం చెడదని చెప్పింది. ఆ తీర్పుని డాక్టరు, అందులోనూ మలయాళీ క్రైస్తవ డాక్టరు, రోగికి బోధించడం బాగుండదు. "ఇఫ్తార్ తర్వాత ఎనిమిదింటికి రండి" అనడం బాగుంటుంది. ఆ నెలంతా మా అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాములో రాత్రి గళ్ళే ముందు నిండుతాయి.

ఇక మత్తు సంగతి. ఇప్పుడు వాడే లిగ్నోకెయిన్‌ని స్టాక్‌హోంలో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. అది మొదట సన్నని నరాలని, అంటే నొప్పిని మోసేవాటిని పట్టుకుంటుంది. ఒత్తిడిని మోసే లావు నరాలు చాలావరకు మెలకువగానే ఉంటాయి. కాబట్టి పన్ను తీస్తున్నప్పుడు నొప్పి లేకపోయినా తోపుడు, గుంజుడు, దవడలో కటకటమనే చప్పుడు అన్నీ తెలుస్తాయి. ఇది ముందే చెప్పని డాక్టరు దగ్గర రోగి బిగుసుకుపోతాడు. దానికి విరుద్ధమైన తప్పు ఇంకోటి ఉంది. పెదవి మొద్దుబారింది కనక పన్ను కూడా మొద్దుబారిందని డాక్టరు అనుకోవడం. కింది దవడ పళ్ళలో, ముఖ్యంగా వాచిన గుజ్జులో, పెదవి పూర్తిగా తిమ్మిరెక్కినా పంటికి మత్తు అందకపోవచ్చు. అప్పుడు "నొప్పి ఉండకూడదే!" అనే డాక్టరుని రోగి జన్మలో నమ్మడు. నొప్పి ఉందంటే ఉందనే లెక్క.

మరి నోట్లో చేతులున్నప్పుడు ఉందని ఎలా చెప్పడం? ఇక్కడ తెలుగువాడికొక ప్రత్యేక దురదృష్టం. మనకి "ఆఁ" అంటే అవును. నొప్పేసినా "ఆఁ" అనే అంటాం. ఈజిప్షియన్లకి కూడా వాడుకలో "ఆహ్" అంటే అవుననే. మనవాడు బాధతో "ఆఁ" అన్నాడు, ఈజిప్షియన్ డాక్టరు అంగీకారమనుకుని ఇంకొంచెం ముందుకెళ్ళాడు, మనవాడు ఇంకా గట్టిగా "ఆఁ" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే. దీనికి తోడు మన తలూపుడు, అవునా కాదా అన్నది మనకే తెలియదు, ఫిలిప్పీన్స్ నర్సుకేం తెలుస్తుంది? అందుకే ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తాను అని ముందే ఒప్పందం చేసుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఎడమ చెయ్యే ఎందుకంటే కుడివైపు సాధారణంగా డాక్టరు ఉంటాడు. చెయ్యి ఎత్తగానే నిజంగా ఆపాలి, "అయిపోయింది, ఒక్క నిమిషం" అనకూడదు. ఒక్కసారి ఆపకపోతే ఆ ఒప్పందం అక్కడితో రద్దు. పిల్లలకైతే చెప్పడం, చూపించడం, తర్వాత చెయ్యడం అనే మూడు మెట్ల పద్ధతిని ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1959లో రాశాడు. పెద్దవాళ్ళకి కూడా అదే చెయ్యచ్చు, గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ముందు అరచేతి మీద చిమ్మి చూపిస్తే సగం భయం పోతుంది.

రోగి చూపించిన పన్ను వదిలేసి పక్క పళ్ళు తట్టి చూస్తుంటే అనుమానం రావడం సహజం, బిల్లు పెంచుతున్నాడేమోనని. పై పళ్ళూ, కింది పళ్ళూ ఒకే పెద్ద నరం కొమ్మల్లో ఉంటాయి కనక, ఏ దవడదో మెదడు పోల్చుకోలేదు. కింది పన్ను పుచ్చి పై పన్ను లాగవచ్చు. కుడి ఎడమలు మాత్రం మారడం చాలా అరుదు. ఈ ముక్క ముందే చెబితే అనుమానం ఉండదు. పళ్ళ అంకెల గొడవ ఒకటుంది. ఒమాన్‌లో, ఇండియాలో కింది ఎడమ దవడలో మొదటి పెద్ద పన్ను 36. అమెరికాలో అదే పన్ను 19. అమెరికా నుంచి సెలవులకి వచ్చి హైదరాబాదులో రెండు వారాల్లో నోరంతా బాగుచేయించుకునే మిత్రులు అంకె చెప్పి ఊరుకోకుండా ఎక్స్-రే వెంట తెచ్చుకోవడం మంచిది. ఎడమ అంటే రోగి ఎడమ, ఎదురుగా కూర్చున్నవాడిది కాదు.

అంగీకారం అనేది ఇంకో పెద్ద విషయం, క్లుప్తంగా చెబుతాను. నేను చూసిన సంతకాల కాగితాలు ఎక్కువగా అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటాయి. మనవాళ్ళు "మీ ఇష్టం డాక్టర్ గారూ" అని సంతకం పెట్టేస్తారు. ఆ "మీ ఇష్టం" అంగీకారం కాదు. అడగడానికి మొహమాటం, ఖర్చు ఎంతో అన్న భయం. ఒక పనికి ఇచ్చిన అంగీకారం ఇంకో పనికి చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఆ స్థితిలో ఉన్న రోగి ఏది ముఖ్యమనుకుంటాడో ఆ ప్రమాదాలు చెప్పి తీరాలని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో అంది. కోర్టులు చెప్పినా చెప్పకపోయినా, తీసెయ్యడానికి ఎంత, నిలబెట్టడానికి ఎంత, నిలబెడితే పైన తొడుగుకి మళ్ళీ ఎంత, ఈ మూడు అంకెలు రియాల్‌లలో ముందే కాగితం మీద రాసిస్తే చాలామంది పన్ను నిలబెట్టుకుంటారు. అంకెలు తెలియనివాడు "పీకెయ్యండి" అంటాడు, అది అతనికి తెలిసిన ఒకే ధర కనక.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఒక యంత్రం ఇంకో యంత్రానికి సందేశం పంపితే, అందిందని తిరుగు సందేశం వచ్చేదాకా పంపినట్టు లెక్కవెయ్యం. వైద్యంలోనూ ఇది ఉంది, తిరిగి చెప్పించుకోవడం అంటారు. "అర్థమైందా?" అని అడిగితే ప్రపంచంలో ప్రతి రోగీ అయిందనే అంటాడు. "ఇంటికెళ్ళాక గదిలో వాళ్ళకి ఏం చెబుతారు?" అని అడగాలి. పన్ను తీయించుకున్నవాడు "గంటకోసారి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తా" అన్నాడంటే ఆపి మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే మొదటి రోజు పుక్కిలిస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక బయటపడి, అసలు పంటి నొప్పే నయమనిపిస్తుంది.

ఒక క్లినిక్ కోసం ఒక కార్డు తయారుచేశాను. చదువు రానివాళ్ళకి కూడా పనికొచ్చేలా బొమ్మలే. ఐసు గ్లాసు, టీ కప్పు, కొరుకుతున్న రొట్టె, చంద్రుడు, తలగడ. ఒక్కోదాని పక్కన రెండు గడియారాలు, ఒకటి వెంటనే తగ్గుతుంది, రెండోది చాలాసేపు ఉంటుంది. వెనకవైపు మందుల గోళీ, సూది, చక్కెర, గుండె బొమ్మలు. రోగి బెంచీ మీద ఉండగానే, ఇంకా నోరు తన చేతిలోనే ఉన్నప్పుడు, వేలు పెట్టి చూపిస్తాడు. బొమ్మల కింద అరబ్బీ, హిందీ, బంగ్లా, తెలుగు మాటలు వేశాం. తెలుగు వరసలో "పోటు" అని రాస్తే మేస్త్రీగారు చూసి "సార్, మావోళ్ళకు గిట్ల తెల్వది, గుంజుతున్నది, తీపు పెడ్తున్నది అని రాయుండ్రి" అన్నాడు. రెండూ రాశాం.

పన్ను తీయించుకున్నాక ఏం చెయ్యాలో కాగితం ఇస్తే చదవరు, అందుకని వాట్సాప్‌లో ఒక నిమిషం మాట పంపుతున్నాం. తెలుగు గొంతు ఆ మేస్త్రీదే. మొదటి వాక్యం అతనే పెట్టాడు: "అన్నా, నొప్పి పోయినా గూడ మల్ల పోవాలె."